మీకు తెలుసా? గోడలు నిలిచినా ఆస్పత్రి మూతపడొచ్చు!

కాలిఫోర్నియాలోని ఆలివ్ వ్యూ ఆస్పత్రిని భూకంపం రెండుసార్లు, రెండు రకాలుగా దెబ్బతీసింది. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేసరికి అది అప్పుడే కట్టిన కొత్త భవనం. మెట్ల కోసం కట్టిన నాలుగు టవర్లలో మూడు విడిపోయి పడ్డాయి. షెడ్డు కప్పు కూలి అంబులెన్సులు నుజ్జయ్యాయి. క్షతగాత్రులను తేవాల్సిన బళ్లే అవి!

అదే చోట మరింత బలంగా కట్టారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపానికి భవనం చట్రం చెక్కుచెదరలేదు. కానీ పైపులు పగిలి నీళ్లు లోపలంతా కారాయి. రోగులను తరలించక తప్పలేదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆస్పత్రి భద్రతా సూచిక’ స్తంభాలు, దూలాలతోనే ఆగదు. ఆక్సిజన్ సిలిండర్లు పడిపోకుండా కట్టారా, జనరేటర్‌ను గట్టిగా బిగించారా, నీటి నిల్వ ఎంత అనీ చూస్తుంది. ఆఖరికి ఏ, బీ, సీ తరగతుల్లో ఒకటి ఇస్తారు. సీ వస్తే లోపలున్నవారి ప్రాణాలకే ముప్పు.

తీరంలో ఎత్తూ ముఖ్యమే. 2011లో జపాన్‌లోని మినమిసన్‌రికులో ఐదంతస్తుల షిజుగవా ఆస్పత్రిని సునామీ పై అంతస్తు మినహా ముంచేసింది. జనరేటర్‌ను సెల్లార్‌లో పెట్టే తీరప్రాంత ఆస్పత్రులు ఈ సంగతి తప్పక ఆలోచించాలి.

మన దేశంలో 2001 భూకంపానికి భుజ్‌లోని జిల్లా ఆస్పత్రే కూలిపోయింది. తర్వాత కట్టిన కొత్త ఆస్పత్రిని రబ్బరు, సీసంతో చేసిన బేరింగుల మీద నిలబెట్టారు. నేల ఊగినప్పుడు ఆ ఊపు వార్డుల దాకా చాలా తగ్గి చేరుతుంది.