మీకు తెలుసా? అమీర్‌పేట నుంచి ఆరో స్టేషన్లో బంగారు గడప

అమీర్‌పేట అంటే మైత్రీవనం, ఆ చుట్టూ కోర్సుల బోర్డులు, ఇరుకు హాస్టల్ గదులు. ఊరి నుంచి కోచింగ్‌కని వచ్చిన పిల్లలకు ఆదివారం వస్తే ఏం తోచదు. సాహిత్యం పుట్టిన ఊళ్లు చూడాలంటే రాజమండ్రికో విజయనగరానికో పోవాలని మన లెక్క. ఎల్బీ నగర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కినా సరిపోతుందని ఎంతమందికి తెలుసు?

రైలెక్కే ముందు ఒక మాట. హైదరాబాదులో తొలి సినిమా స్టూడియో అయిన సారథి స్టూడియోస్ అమీర్‌పేటలోనే ఉంది. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) ఇక్కడే తయారైంది. అంతవరకూ తెలుగు సినిమా అంటే మద్రాసే.

పంజాగుట్ట పేరే ఒక చిన్న సమాసం. ‘పంజా’ ఫార్సీ, ‘గుట్ట’ తెలుగు. ఆ పక్క స్టేషను ఎర్రమంజిల్ కథ ఇంకా బాగుంటుంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ మహలు కట్టించిన గుట్టను జనం ఎర్రగడ్డ అనేవారట. ఫార్సీలో ‘ఇరం’ అంటే స్వర్గవనం. మహలుకు ‘ఇరం మంజిల్’ అని పేరు పెడితే దర్బారు వాళ్లకు స్వర్గం వినిపించింది, గుట్ట కింది వాళ్లకు ఎరుపు వినిపించింది. మన అవధానులకు కూడా ఇంత తేలిగ్గా శ్లేష కుదరదు! ఈ మహలును పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ దాటితే నాంపల్లి. అమీర్‌పేట నుంచి ఆరో స్టేషను. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఇల్లు ఈ చుట్టుపక్కలే ఉంది. ఆమె తొలి కవితా సంపుటి ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’ (బంగారు గడప) 1905లో లండన్‌లో వెలువడింది. తర్వాత ఇంటికీ అదే పేరు నిలిచింది. పుస్తకానికి ఇంటి పేరు పెట్టడం మామూలే గానీ, ఇంటికి పుస్తకం పేరు పెట్టడం మన దగ్గర అరుదు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది కూడా ఈ బంగారు గడప లోపలే.

ఇక్కడికి దగ్గర్లోనే, పబ్లిక్ గార్డెన్స్ పక్కన, 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం. పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్న ఈ విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం వాదనకు దిగి ఊరుకోలేదు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

మరో మూడు స్టేషన్లు పోతే ఎంజీబీఎస్. అక్కడ ఆకుపచ్చ లైనుకు మారితే మొదటి స్టేషనే సుల్తాన్ బజార్. చీరల బేరాల హోరు మధ్య శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంటుంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి 1901 సెప్టెంబరు 1న స్థాపించారు. కచేరీల్లో ఉర్దూ నడిచిన నిజాం రాజ్యంలో తెలుగు పేరుతో గ్రంథాలయం తెరవడం చిన్న సంగతి కాదు. నా ఓటు అడిగితే, ఈ దారి మొత్తంలో చూసి తీరాల్సింది ఇదే. గోల్డెన్ థ్రెషోల్డ్‌కు పేరు ఎక్కువ, దీనికి బరువు ఎక్కువ.

ఇంకా ఓపిక ఉంటే అదే లైనులో నారాయణగూడ దాటి చిక్కడపల్లిలో దిగండి. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో మీలాగే పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని ఉంటారు. సంచిలో కోచింగ్ నోట్సు ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.