విరిగిన కాలు మళ్లీ పరుగెత్తాలంటే ఏం చెయ్యాలి?

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో చింతకాయలు రాల్చడానికి చెట్టెక్కి నేను కింద పడ్డాను. కుడి మోకాలి కింద ఎముక విరిగింది. మా ఊరికి రోడ్డు లేదు. మా అయ్య, బాబాయిలు డోలీ కట్టి మోసుకుని కొండ దింపారు. ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేసి ఎనిమిది వారాలు ఉంచారు.

కట్టు తీసిన రోజు నా కాలు చూసి నాకే భయం వేసింది. వెదురు కర్రలాగ అయిపోయింది. మోకాలు వంగలేదు. "ఇంక కొండ దిగి బడికేం పోతావు, ఇంటికాడే ఉండు" అంది అమ్మ. జూన్‌లో బడి తెరుస్తారు. నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు మన హాస్టల్లో ఒక చెల్లికి కట్టు తీశారు. భయంతో మంచం దిగడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎముక ఎలా అతుకుతుంది?

విరిగిన చోట ముందు రక్తం గడ్డ కడుతుంది. తర్వాత అక్కడ చెవి కొనలో ఉండేలాంటి మెత్తని ఎముక పెరుగుతుంది. అందులో కాల్షియం చేరి గట్టి పడుతుంది. ఈ పని మన శరీరమే చేస్తుంది. కట్టు ఎముకను కదలకుండా పట్టుకుంటుంది, అంతే.

మరి కాలు ఎందుకు సన్నబడుతుంది?

కండ అంటే సన్నని పోగుల కట్ట. పని లేకపోతే పోగులు సన్నబడతాయి. కాని చచ్చిపోవు. మళ్లీ పని చెబితే లావవుతాయి. ఎముక అతకడానికి విశ్రాంతి కావాలి, కండ రావడానికి పని కావాలి. ఇది తెలియకే చాలామంది మంచం మీద ఉండిపోతారు.

నేను చేసినవి (డాక్టరు గారు కాలు మీద బరువు వెయ్యొచ్చు అన్నాకే చెయ్యాలి):

1. పడుకుని పాదం పైకి, కిందికి ఆడించడం. పూటకు 20 సార్లు.
2. తొడ బిగబట్టి ఐదు లెక్కపెట్టి వదలడం. తర్వాత కాలు చాపి జానెడు ఎత్తడం.
3. కర్రతో నడవడం. కుడి కాలికి దెబ్బ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడు దెబ్బ కాలి మీద బరువు తగ్గుతుంది.
4. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు.
5. గోడ పట్టుకుని దెబ్బ కాలి మీద ఒంటికాలిపై నిలబడడం.

కొంచెం నొప్పి ఉంటుంది. కాని తెల్లారేసరికి నొప్పి, వాపు ఎక్కువైతే ఆ రోజు సగమే చెయ్యాలి.

తిండి కూడా ముఖ్యం. 100 గ్రాముల చోళ్లలో (రాగులు) 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో సుమారు 10 మాత్రమే. చోడి అంబలి, మునగాకు, ఉలవలు, గుడ్డు తినాలి. ఉదయం ఎండలో కూర్చోవాలి.

ఒక జాగ్రత్త. పసరు కట్టయినా, సిమెంటు కట్టయినా, వేళ్లు చల్లబడి నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. బిగువుకి రక్తం ఆడకపోతే కాలే పోవచ్చు.

సుధా చంద్రన్ గురించి విన్నారా? 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆమె కుడి కాలు తీసేశారు. జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం నేర్చుకున్నారు. 1985లో ఆమె కథతో వచ్చిన తెలుగు సినిమా 'మయూరి'లో ఆమే నటించారు. మనకి కాలు ఉంది కదా, మనం భయపడొచ్చా?

నేను ప్రతి ఆదివారం దారంతో రెండు పిక్కలూ కొలిచి ముడి వేసేదాన్ని. మొదట కుడి పిక్క రెండు వేళ్లంత తక్కువ. జూన్ నాటికి ఒక వేలంత తక్కువ. ఆ నెలలోనే కర్రతో కొండ దిగి బడికి వచ్చాను. నా పెట్టె అమ్మే మోసింది. ఇప్పుడు ఖోఖో ఆడుతున్నాను. అందరికంటే వెనకే ఉంటాను, అయినా పరుగెడుతున్నాను.

చెల్లీ, రేపు ప్రార్థన అయ్యాక వరండాలోకి రా. దారం నేను తెస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని