సరిహద్దు దాటిన పెళ్లిళ్లు

ఫ్రాన్సు దేశంలోని మిత్రుని వివాహానికి ఈనాడు శ్రీకాకుళం నుంచి గాని, విజయనగరం నుంచి గాని ఎవరైనా వెళ్లదలిస్తే పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, విమానంలో సముద్రాలు దాటాలి. అక్కడ పెళ్లి ముందుగా నగరాధ్యక్షుని ఎదుట, పురపాలక కార్యాలయంలో జరుగుతుంది. చర్చిలో జరిగే వేడుక ఆ తరువాతిది. దానివల్ల మాత్రమే చట్టం దృష్టిలో వివాహం కాదు. అయితే పాస్‌పోర్టు గాని, ఓడ ప్రయాణం గాని లేకుండానే తెలుగువారు ఫ్రెంచి గడ్డకు పెళ్లిళ్లకు తరలివెళ్లిన కాలం ఒకటి ఉంది. ఆ ఫ్రెంచి గడ్డ పేరు యానాం. ఆ ప్రయాణాల వెనుక ఉన్నది మైత్రి కాదు, ఒక చట్టాన్ని తప్పించుకోవాలనే కోరిక.

గోదావరి తీరంలోని ఈ చిన్న పట్టణం ఫ్రెంచివారి చేతిలో ఎందుకు ఉండిపోయిందో తెలియాలంటే ఉత్తరాంధ్ర చరిత్రను ఒకసారి స్మరించాలి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. వాటిలో శ్రీకాకుళం సర్కారు ఒకటి. 1757లో బొబ్బిలి కోట మీదికి నడిచిన సేనలలో విజయనగర ప్రభువు విజయరామరాజుతో పాటు ఫ్రెంచి సేనాని బుస్సీ కూడా ఉన్నాడు. మరుసటి సంవత్సరమే పరిస్థితి తారుమారైంది. చందుర్తి యుద్ధంలో విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు ఆంగ్లేయుల పక్షం వహించాడు. ఫ్రెంచివారు ఓడిపోయారు. సర్కారులు వారి చేయి దాటిపోయినా, యానాం వంటి వర్తక స్థావరాలు యుద్ధాలలో పలుమార్లు చేతులు మారి, 1814 నాటి పారిస్ ఒడంబడిక ననుసరించి తిరిగి వారికే దక్కాయి. ఆ విధంగా చుట్టూ ఆంగ్లేయుల ఏలుబడి ఉండగా నడుమ ఒక చిన్న ఫ్రెంచి సీమ మిగిలింది. భాష తెలుగే, ఆచారాలు తెలుగువే. చట్టం మాత్రం వేరు.

ఆ కాలంలో తెలుగునాట బాల్యవివాహాల తీవ్రత ఎంతటిదో తెలుపడానికి విజయనగరంలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. మహారాజా ఆనంద గజపతి ఆదేశంతో నాటి విశాఖపట్టణం జిల్లాలో మూడు సంవత్సరాల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక ఒకటి తయారైంది. ఆ వివరాలను గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన ‘కన్యాశుల్కం’ నాటకానికి ఆంగ్లంలో రాసిన పీఠికలో పొందుపరచాడు. నమోదైన వివాహాలు 1,034. వాటిలో ఐదేళ్ల బాలికలవి 99, నాలుగేళ్లవారివి 44, మూడేళ్లవారివి 36, రెండేళ్లవారివి 6. ముగ్గురు పెళ్లికూతుళ్ల వయసు ఒక్క సంవత్సరమే. ఊయలలోని బిడ్డకు వెలకట్టి తాళి కట్టించిన సమాజాన్ని గురజాడ నాటకం నవ్విస్తూనే నిలదీసింది. ఆ నాటకం 1892లోనే విజయనగరంలో రంగస్థలమెక్కింది. కాని చట్టం రావడానికి మరి ముప్పది ఏడేళ్లు పట్టింది.

1929లో హరవిలాస్ శారదా కృషి ఫలితంగా బాల్యవివాహ నిరోధక చట్టం ఆమోదం పొందింది. ప్రజలు దానిని శారదా చట్టమని పిలిచారు. బాలికకు పదునాలుగు, బాలునికి పదునెనిమిది సంవత్సరాలు నిండకుండా పెళ్లి చేయరాదని అది నిర్దేశించింది. ఉల్లంఘించినవారికి ఒక నెల వరకు సాధారణ కారాగారం, వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే అందులో లోపాలు లేకపోలేదు. పోలీసులు తమంతట తాముగా కేసు పెట్టే అధికారం లేదు. ఎవరో ఒకరు న్యాయస్థానానికి వెళ్లి ఫిర్యాదు చేయాలి. చట్టాన్ని మీరి చేసిన పెళ్లి సైతం పెళ్లిగానే చెల్లుబాటయ్యేది. పైగా చట్టం ఆమోదం పొందిన తరువాత, 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చే వరకు ఆరు నెలల గడువు దొరికింది. ఆ గడువులో దేశంలోని అనేక ప్రాంతాలలో పసిపిల్లల పెళ్లిళ్లు హడావుడిగా జరిగిపోయాయి.

గడువు దాటిన తరువాత యానాం చాలామందికి గుర్తుకు వచ్చింది. శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో చెల్లుతుంది కాని ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు. మరి ఫ్రెంచివారికి చట్టం లేదా అంటే, ఉంది. 1804 నాటి వారి పౌరస్మృతి పదునైదేళ్లు నిండని బాలికకు వివాహార్హత లేదని చెప్పింది. శారదా చట్టం కన్నా అది ఒక సంవత్సరం ఎక్కువే. కాని భారతీయ ప్రజల కుటుంబ విషయాలలో వారి వారి ఆచారాలనే పాటిస్తామని ఫ్రెంచి ప్రభుత్వం 1819లో ప్రకటించింది. అందువల్ల ఫ్రెంచి బాలికకు లభించిన రక్షణ యానాంలోని తెలుగు బాలికకు లభించలేదు. ఆచారాన్ని గౌరవించడమనే ఉదార విధానం, ఆ ఆచారానికి బలియయ్యే పసిబిడ్డ పట్ల ఉదాసీనతగా పరిణమించింది.

ఈ కారణంగా ఆంధ్ర ప్రాంతంలోని సంప్రదాయ కుటుంబాలవారు పిల్లలను వెంటబెట్టుకొని యానాంకు తరలివచ్చి పెళ్లిళ్లు జరిపించసాగారు. ఊరికి ‘కల్యాణపురం’ అనే పేరు సైతం వచ్చింది. ఎల్ల దాటితే నేరం కానిది, ఇవతల ఉంటే నేరం. మంత్రాలు అవే, తాళి అదే, పిల్ల వయసు అదే. మారినది పాదాల కింది నేల ఒక్కటే. శిక్ష స్వల్పమైనా న్యాయస్థానం మెట్లెక్కడం పరువు తక్కువని భావించిన పెద్దలకు ఈ ప్రయాణం సులభోపాయంగా తోచింది. ఈ ఉపాయం వల్ల తల్లిదండ్రులకు జరిమానా తప్పింది. బాలికకు మాత్రం ఏదీ తప్పలేదు. చదువు ఆగిపోవడం, ఎదగని శరీరంతో తల్లి కావలసిరావడం, భర్త మరణిస్తే ఊహ తెలియకముందే వైధవ్యం పొందడం, ఈ దుఃఖాలకు సరిహద్దు లేదు.

కాలక్రమంలో ఆ దారి మూసుకుపోయింది. 1954 జూన్‌లో యానాం ఫ్రెంచి పాలన నుంచి విముక్తి పొందింది. ఆ ఏడాది నవంబరు 1న పాలనాధికారం భారతదేశానికి సంక్రమించింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది. యానాం నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. వివాహ వయసు సైతం క్రమంగా పెరిగింది. 1949లో బాలికలకు పదునైదేళ్లు, 1978లో బాలికలకు పదునెనిమిది, బాలురకు ఇరువదియొక్క సంవత్సరాలు అయింది. పాత చట్టం స్థానంలో బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో రూపొంది, 2007 నవంబరు 1న అమలులోకి వచ్చింది. భారత పౌరులు దేశం వెలుపల ఉన్నా అది వారికి వర్తిస్తుంది. అంటే ఎల్ల దాటి తప్పించుకునే ఉపాయం ఇక చెల్లదు. అయినా పాత చరిత్ర ఆనవాలు అందులో ఒకటి మిగిలింది. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం ఆచార ధర్మాన్ని విడిచి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన కుటుంబాలవారిని రెనోన్సాన్‌లు అంటారు. పుదుచ్చేరికి చెందిన ఆ కుటుంబాలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. అదే 2006లో ఫ్రాన్సు సైతం బాలికల వివాహ వయసును పదునెనిమిదేళ్లకు పెంచింది.

నేటి చట్టం పాత చట్టం కన్నా బలమైనది. రెండు సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా పోలీసులు చర్య తీసుకోవచ్చు. బాల్యంలో పెళ్లి జరిగినవారు యుక్తవయసు వచ్చిన రెండేళ్లలోగా ఆ వివాహాన్ని రద్దు చేయమని న్యాయస్థానాన్ని కోరవచ్చు. పెళ్లి ప్రయత్నం జరుగుతున్నదని తెలిసినవారు 1098 నంబరుకు ఫోను చేసి అడ్డుకోవచ్చు. తమ తరగతిలో నిన్నటివరకు కూర్చున్న స్నేహితురాలు పెళ్లిమాటతో హఠాత్తుగా కళాశాల మానివేస్తే, ఈ సమాచారం ఆమె జీవితాన్ని నిలబెట్టగలదు.

చట్టం ఒక భూభాగానికి చెందినది, దానికి ఎల్లలుంటాయి. యానాంకు తరలిన పెళ్లివారు ఆ ఎల్లను చూశారే గాని తమ చేయి పట్టుకొని నడుస్తున్న బాలిక ముఖాన్ని చూడలేదు. గురజాడ తన నాటకంతో చట్టం కన్నా ముందే మనుషుల మనసులను తట్టింది అందుకే. ఇంటిలోని పెద్దల మనసు మారిన చోట చట్టంతో పని ఉండదు. మారని చోట ఎంత గట్టి చట్టానికైనా ఎవరో ఒకరు ఒక యానాంను వెతుకుతూనే ఉంటారు.