‘వెళ్ళొస్తా’లో ఏముంది?

డబ్బాలో గింజ లేదు. అయినా ఇల్లాలు ‘బియ్యం అయిపోయాయి’ అనదు. ‘బియ్యం నిండుకున్నాయి, వచ్చేటప్పుడు తీసుకురండి’ అంటుంది. డబ్బా ఖాళీ... మాట మాత్రం నిండు!

అదొక్కటేనా? దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. మంగళసూత్రం తెగితే ‘పెరిగింది’ అంటాం. రాత్రిపూట పాము పేరెత్తకుండా ‘పురుగు’ అని సరిపెడతాం. గడప దాటుతూ ఎవరైనా ‘వెళ్తాను’ అన్నారో... ‘వెళ్ళొస్తాననాలి’ అని పెద్దవాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అన్నమాట అన్నట్టే జరుగుతుందని భయం మరి!

పేరు వెనక దిగులు

మశూచి ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టిన రోజుల్లో ఆ జబ్బును పేరుపెట్టి పిలవడానికి జంకేవారు. ‘అమ్మవారు పోసింది’ అనేవారు. మనదేశంలో చివరి మశూచి కేసు నమోదైంది 1975లో. ప్రపంచంలోనే అది లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించింది. జబ్బు పోయింది, మాట పోలేదు. ఇప్పటికీ పిల్లలకు ఆటలమ్మ వస్తే చాలా ఇళ్ళలో వినిపించేది ‘అమ్మవారు’ అనే!

పెంటయ్య, పుల్లమ్మ... ఈ పేర్లు వింటే నేటి పిల్లలకు నవ్వొస్తుంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తళ్ళలో దొర్లించి పుల్లమ్మ అనేవారు. ఎవరికీ అక్కర్లేని పేరు పెడితే మృత్యువు కూడా వద్దనుకుంటుందని ఆశ. ఆ పేరు వెనక ఉన్నది మోటుతనం కాదు, కడుపుకోత.

ఇది మనకొక్కరికే ఉన్న భయమూ కాదు. ఎలుగుబంటిని సంస్కృతంలో ‘ఋక్షం’ అంటారు. గ్రీకులో ‘ఆర్క్టోస్’. రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయి. అదే కుటుంబానికి చెందిన రష్యన్‌లో మాత్రం ఆ పాతమాట కనిపించదు. వాళ్ళు దాన్ని ‘మెద్వేద్’ అంటారు, అంటే తేనె తినేది అని! పేరెత్తితే ఎక్కడ ఎదురుపడుతుందోనన్న భయంతో అసలు మాటనే వదిలేసుకున్నారని భాషావేత్తల అభిప్రాయం.

చర్మానికీ తెలుసు

మాటకు అంత శక్తి నిజంగా ఉందా? జరగబోయేదాన్ని మార్చే శక్తి సంగతేమోగానీ, వినేవాళ్ళను కదిలించే శక్తి మాత్రం ఉంది. టర్కిష్ మాతృభాషగా ఉండి, తర్వాత ఇంగ్లిషు నేర్చుకున్నవాళ్ళ మీద జరిగిన ఒక పరిశోధన 2003లో వెలువడింది. కొన్ని మాటలు వినిపిస్తూ, వాళ్ళ చర్మంలో కలిగే విద్యుత్ మార్పులను కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు మందలించే తరహా మాటలు టర్కిష్‌లో వినపడగానే ఒళ్ళు గట్టిగా స్పందించింది. అలాంటివే ఇంగ్లిషులో వింటే ఆ స్పందన తగ్గింది. అర్థం రెండు భాషల్లోనూ తెలుసు. కానీ ఒంటికి తగిలింది మాత్రం అమ్మభాషే!

అందుకే, హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా ఇంట్లో తెలుగు వినకుండా పెరిగే పిల్లలు ఏం పోగొట్టుకుంటున్నారో ఒక్కసారి ఆలోచించాలి. ‘నిండుకున్నాయి’ అంటే ఏమిటో నిఘంటువు చూసి తెలుసుకోవచ్చు. లేమిని కూడా నిండుగా చెప్పాలన్న ఆ మనసును మాత్రం నిఘంటువు ఇవ్వలేదు. అది వంటింట్లో, వీధి గుమ్మంలో, చెవిన పడుతూ పడుతూ ఒంటబట్టాల్సిందే.

తథాస్తు దేవతలను నమ్మినా నమ్మకపోయినా ఫరవాలేదు. పిల్లలు బడికి బయల్దేరేటప్పుడు ‘బై’తో పాటు ‘వెళ్ళొస్తా’ కూడా అననివ్వండి. మీరు ‘వెళ్ళిరా’ అనండి. తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తుంటామని చెప్పడానికి ఆ చిన్న ‘రా’ చాలు!