మోచేతిని తోమకండి

ఎండాకాలం వచ్చిందంటే చర్ల, దుమ్ముగూడెం ఊళ్లలో పిల్లలు మామిడి చెట్లెక్కుతారు, కొందరు పడతారు. చెయ్యి వాచిపోగానే ఇంట్లో వినబడే మాట ఒకటే: "ఎముక విరగలేదు, కీలు తొలిగిందంతే. లాగి, నూనె రాసి తోమితే కుదురుకుంటుంది." ఈ నమ్మకం వల్ల చేతులు పోతున్నాయి. కీళ్లన్నీ ఒక్క తీరువి కావు, గాయాలూ అంతే.

తుంటి, భుజం రెండూ బంతిగిన్నె కీళ్లే. రుబ్బురోలును తలచుకోండి. తుంటిలో పొత్రం లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. ఎంత తిప్పినా బయటికి రాదు; రావాలంటే బండి గుద్దినంత దెబ్బ తగలాలి. భుజంలో అదే పొత్రాన్ని పళ్లెంలో నిలబెట్టినట్టు ఉంటుంది. అందుకే చెయ్యి నెత్తి మీదికీ వీపు వెనక్కీ పోతుంది. జీలుగు చెట్టెక్కి కల్లు గీసే మనిషికి ఆ వెసులుబాటే ఆధారం. పెద్ద కీళ్లలో ఎక్కువగా జారేది కూడా భుజమే. జారినప్పుడు పళ్లెం అంచు చిరుగుతుంది. కుర్రవయసులో అది సరిగా అతుక్కోకపోతే భుజం మళ్లీ మళ్లీ జారుతుంది. పొత్రం పక్కనుంచే చేతి నరాలు, రక్తనాళం వెళ్తాయి. ఎక్స్‌రే చూడకుండా లాగితే వాటికీ దెబ్బే.

తునికాకు కోసేవాళ్లకు గట్టు మీద కాలు మడతపడితే చీలమండ బయటివైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, కొన్నిసార్లు తెగుతాయి. కాలు ఎత్తులో పెట్టి, అడుగు మోపకుండా ఉంటే చాలావరకు తగ్గుతుంది.

మోచెయ్యి సంగతి వేరు. ఇది మడతబందు కీలు. పిల్లలు అరచెయ్యి ఆనించి పడితే మోచేతికి కాస్త పైన, ఎముక పలచగా ఉన్నచోట విరుగుతుంది. చూపుకు కీలు తొలిగినట్టే ఉంటుంది. దాన్ని తోమితే నలిగిన కండరంలో కొత్త ఎముక పుట్టవచ్చు. అప్పుడు చెయ్యి పూర్తిగా మడవదు, చాపదు. బిగించి కట్టు కడితే ఇంకా ఘోరం: రక్తం అందక ముంజేతి కండరాలు చచ్చి, వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోతాయి. జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే దీన్ని వివరించాడు.

వెదురు బద్దల కట్టును నేను తక్కువ చేయను. విరిగిన చెయ్యి కదలకుండా ఉంచడం సరైన పనే. పాతకాలపు వైద్యుడు సుశ్రుతుడు కీళ్లు తప్పడంలో ఆరు రకాలు చెప్పాడు. కట్టు వదులైతే కీలు నిలవదనీ, బిగువైతే వాపు, నొప్పి, చీము వస్తాయనీ హెచ్చరించాడు. పాత వైద్యం పేరు చెప్పి బిగించి కట్టేవాళ్లు ఆ హెచ్చరికను వదిలేశారు.

పిల్లవాడు పడితే చేతిని ఉన్నది ఉన్నట్టుగా బద్దకు వదులుగా ఆనించి కట్టండి. 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఇప్పటికే ఎవరైనా కట్టు కట్టి ఉంటే వేళ్లు చూడండి. అవి చల్లబడినా, తిమ్మిరెక్కినా, చాపబోతే పిల్లవాడు కెవ్వుమన్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ క్షణమే కట్టు విప్పి బయల్దేరండి. కండరానికి మిగిలేది కొన్ని గంటలే.