వయ్యారిభామకు ఎడారిలో ఓ అక్క

మిల్లు గోడ పక్కన, పట్టాల వెంట, వానాకాలం వస్తే నడుమెత్తు పెరిగే వయ్యారిభామ మనందరికీ తెలుసు. ఇక్కడి మరాఠీవాళ్లు గాజర్ గవత్ అంటారు. ముట్టుకుంటే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. దాన్ని తిట్టని ఇల్లు మన లైన్లలో లేదు. దానికి రబ్బరు ఇచ్చే అక్క ఒకతి ఎడారిలో ఉందని ఈమధ్యే చదివాను.

పేరు గ్వాయూలే. మెక్సికో ఉత్తరాన, ఆ పక్కనే టెక్సాస్‌లో పరుచుకున్న చివావా ఎడారి దాని పుట్టిల్లు. బంతి, చామంతి కుటుంబమే. మోకాలెత్తు పొద, బూడిదరంగు ఆకులు, పొడవాటి కాడల చివర తెల్లటి చిన్న పూలు. రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు కారతాయి, దీనికి కారవు. రబ్బరు చాలావరకు బెరడులో ఇరుక్కుని ఉంటుంది. అందుకని మొక్కను పీకో, కోసో మిల్లుకే తోలాలి. వెనకటి రోజుల్లో గులకరాళ్లు పోసిన డ్రమ్ములో నీళ్లతో కలిపి తిప్పి నలిపేవారు. పిప్పి మునిగేది, రబ్బరు తేలేది.

నన్ను పట్టేసిన కథ 1942 నాటిది. మలయా రబ్బరు తోటలు జపాన్ చేతిలో పడ్డాయి. టైర్లకు రబ్బరు కరువై అమెరికా సర్కారు కాలిఫోర్నియాలో గ్వాయూలే సాగు మొదలెట్టింది. అదే ఏడాది, జపాన్ సంతతి అన్న ఒక్క కారణంతో తన పౌరులనే ముళ్లకంచెల వెనక పెట్టింది. మాంజనార్ క్యాంపులో దాదాపు పదివేల మంది. వాళ్లలో నర్సరీ పనివాళ్లున్నారు, శాస్త్రం చదివినవాళ్లున్నారు. పనికిరాదని పక్కన పెట్టిన గ్వాయూలే నారు తెప్పించుకుని, కొమ్మ ముక్కలు నాటి వేళ్లు పట్టించారు. దొరికిన సామానుతోనే పరికరాలు చేసుకుని మంచి రబ్బరు తీశారు. క్యాంపు పనికి జీతం నెలకు 12 నుంచి 19 డాలర్లు! మిల్లులో చెమటోడ్చినవాళ్లకు ఆ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

యుద్ధం ముగిసింది. కృత్రిమ రబ్బరు వచ్చింది, తూర్పు దేశాల సరుకూ మళ్లీ దొరికింది. సర్కారు గ్వాయూలే పొలాలను పెరికి తగలబెట్టించింది.

మొక్క మాత్రం పోలేదు. దాన్నుంచి తీసిన రబ్బరు పాలతో చేసిన గ్లవుజులకు 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు రబ్బరు పడక చేతులకు దద్దుర్లు లేచే నర్సులకు, డాక్టర్లకు అవి అక్కరకొచ్చాయి. అరిజోనాలో ఇప్పుడు టైర్ల కోసం దీన్ని సాగు చేస్తున్నారు.

చెల్లెలి సంగతంటారా, పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని వేళ్లతో సహా పీకెయ్యండి. పిల్లల చేత మాత్రం పీకించకండి.