సాకే పాత్రలో ఋతువులు

జపాను దేశపు భోజనశాలలో అతిథి సాకే తెమ్మని అడిగినచో, వడ్డించేవారు తరచుగా వేసే ఎదురు ప్రశ్న ఒకటి ఉన్నది: "వెచ్చగానా, చల్లగానా?" పైకి అతిసామాన్యమైన ఈ ప్రశ్న వెనుక ఒక జాతి రుచిపరిజ్ఞానమూ, భాషా సౌకుమార్యమూ ఇమిడి ఉన్నవి. ఒకే పానీయాన్ని మంచు చల్లదనం మొదలు పొగలెగసే వేడిమి వరకు మెట్లు మెట్లుగా ఆస్వాదించి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పేరు పెట్టుకొన్నవారు జపానీయులు.

సాకే బియ్యంతో చేసే మద్యం. జపాను భాషలో ఆ మాటకు మద్యమని సామాన్యార్థం. ఈ బియ్యపు మద్యాన్ని ప్రత్యేకించి నిహోన్షు అంటారు. ద్రాక్షపండులో చక్కెర స్వతస్సిద్ధంగా ఉన్నది. బియ్యంలో ఉన్నది పిండిపదార్థమే. ఆవిరిపై ఉడికించిన బియ్యంమీద పెంచిన కోజి అనే బూజు ఆ పిండిని చక్కెరగా మార్చుతుంది. అదే తొట్టిలో, అదే సమయంలో, ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మార్చుతుంది. ఈ జంటక్రియ వలన సిద్ధమైన సాకేలో సాధారణంగా నూటికి 15, 16 పాళ్ళు ఆల్కహాలు ఉంటుంది. కోజితో సాకే చేసే ఈ సంప్రదాయ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినది.

ఇక ఆ పేర్ల సొగసు చూడదగినది. 5 డిగ్రీల చల్లదనం యుకిబియె, అనగా మంచు చలి. 10 డిగ్రీలది హనబియె, పూల చలి. చెర్రీలు పూచే వేళ ఒక్కొక్కప్పుడు తిరిగివచ్చే చిరుచలికి ఉన్న పేరే ఇది. 15 డిగ్రీలది సుజుబియె, హాయి గొలిపే చల్లదనం. వెచ్చదనం వైపు 30 డిగ్రీలది హినతకన్, ఎండ పొడ తగిలిన వెచ్చన. 35 డిగ్రీలది హితోహదకన్, మనిషి మేని వెచ్చన. ఆపైన 40 వద్ద నురుకన్, 45 వద్ద జోకన్, 50 వద్ద అత్సుకన్, 55 దాటిన తరువాత తొబికిరికన్. అంకెలు తెలియనివానికి సైతం ఎండనూ, మంచునూ, పూలకారునూ, సాటి మనిషి స్పర్శనూ గుర్తుచేసి ఉష్ణోగ్రతను తెలిపే కొలబద్ద ఇది.

ఈ సూక్ష్మత తెలుగువారికి కొత్త కాదు. నులివెచ్చన, గోరువెచ్చన, వెచ్చన, వేడి అని మనకూ మెట్లున్నవి. బిడ్డకు పట్టే పాలను ఒక చుక్క చేతిమీద వేసికొని చూచే తల్లికి ఉష్ణమాపకంతో పనిలేదు. సాకేను వెచ్చచేయడంలో ఆరితేరినవారి పద్ధతియూ ఇంచుమించు ఇటువంటిదే. తొక్కురి అనే సన్నమెడ పింగాణి కూజాలో సాకే పోసి, పొయ్యిమీదినుండి దింపిన వేడినీళ్ళలో దానిని నిలబెడతారు. నేరుగా నిప్పుసెగ తగలనీయరు. కూజా అడుగును వ్రేలితో తాకి అదను కనిపెడతారు. ఆపైన ఓచోకో అనే చిన్న గిన్నెలలో వంచుతారు.

ఈ ఆచారం నేటిది కాదు. జపానులో నివసించిన పోర్చుగీసు మతగురువు లూయిస్ ఫ్రోయిస్ 1585లో ఐరోపా, జపాను ఆచారాలను పోల్చి వ్రాస్తూ, ఐరోపావారు మద్యాన్ని చల్లబరచుకొంటే జపానువారు ఇంచుమించు ఏడాది పొడవునా వెచ్చచేసికొంటారని గమనించినాడు. 1713 నాటి యోజోకున్ అనే ఆరోగ్యగ్రంథంలో కైబర ఎకికెన్ పండితుడు, వేసవియైనా శీతకాలమైనా మరీ చల్లనిదీ మరీ వేడిదీ తగదనీ, వెచ్చనిదే మేలనీ చెప్పినాడు.

వెచ్చచేయుట నాసిరకపు రుచిని కప్పిపుచ్చే ఉపాయమని ఒక అపవాదు లేకపోలేదు. దానికి కారణం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరం బియ్యం కరవైనప్పుడు, ఆల్కహాలు, చక్కెర, ఆమ్లాలు కలిపి సాకేను మూడింతలుగా పెంచే పద్ధతి వ్యాపించినది. 1980 తరువాతి దశకంలో, బియ్యాన్ని బాగా మరపట్టి చేసే సువాసనగల గింజో రకాలకు ఆదరణ పెరిగి, చల్లని సాకేయే మేలైనదనే అభిప్రాయం బలపడినది. కాని అపవాదు సగం సత్యమే. గింజోలోని పండ్లవంటి పరిమళం వేడికి చెదరిపోవుట నిజమే. లాక్టిక్, సక్సినిక్ ఆమ్లాలు మిక్కుటంగా ఉండి నిండైన రుచిగల రకాలు మాత్రం వెచ్చచేసినప్పుడే వికసిస్తవి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు అందని తియ్యదనం మేని వెచ్చన దగ్గర స్పష్టమగును. ఏ రకానికి ఏ వేడిమి తగునో తెలిసికొనుటయే ఇందలి విద్య.

ఈ మార్పు భాషనూ తాకినది. హియ అనే మాటకు చల్లనిదని అర్థం. శీతలయంత్రాలు లేని కాలంలో సాకేకు రెండే స్థితులు: వెచ్చచేసినది, చేయనిది. కావున వెచ్చచేయక గది వేడిమిలో ఉంచినదే హియ. నేడు ఆ మాట విన్న యువకుడు మంచుపెట్టెలోనుండి తీసినదానిని అందించవచ్చును. మాట నిలిచినది; దాని వెనుకనున్న ఇల్లు మారినది. జపానులో సాకే వినియోగం 1973లో శిఖరాన్ని చేరి, అటుతరువాత తగ్గుతూ వచ్చినది. త్రాగుడు తగ్గుట మంచిదే. ఆ దేశంలో నేటికీ 20 ఏండ్లు నిండనివారికి మద్యం నిషిద్ధం. అయితే పానీయంతో పాటు దానిని కనిపెట్టి ఉండిన చేతినేర్పూ, దానికి పెట్టిన పేర్లూ మరుగున పడితే, ఆ నష్టం మద్యం ముట్టనివారిది కూడ అగును.

ఉష్ణమాపకం 35 అని చూపగలదు. అది మనిషి మేని వెచ్చన అని చెప్పగలిగినది భాష మాత్రమే. గోరువెచ్చన అనే మాటను పిల్లలకు నేర్పే మన ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.